పాత పట్నం ఇల్లు: పోయిందెంత, నిలిచేదెట్లా

1951 డిసెంబర్ 16న జవాహర్‌లాల్ నెహ్రూ హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనం అప్పటికి లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కన్నుమూశాక, ఆయన పోగుచేసిన వస్తువులను ఆయన కాపురమున్న దివాన్ దేవిడీలోనే జనానికి చూపించారు. 1968లో ఆ వస్తువులు కొత్త భవనంలోకి మారాయి. ఆ తరవాత దేవిడీ దక్కలేదు. అద్దాల ఐనాఖానా, గోడల నిండా పింగాణీ పొదిగిన చీనీఖానా, ఒకదాని వెనక ఒకటిగా ఉన్న ముంగిళ్ళు అన్నీ పోయాయి. ఆ జాగాలో దుకాణాలు, కాంప్లెక్సులు లేచాయి. పాత గేటు మాత్రం బజారు రద్దీలో ఇంకా నిలబడి ఉంది.

ముసుగు రెబెక్కా విగ్రహాన్నీ, గంట కొట్టే గడియారాన్నీ చూడటానికి టికెట్టు కొని క్యూలో నిలబడతాం. వాటికి నీడనిచ్చిన ఇంటిని పడగొట్టుకున్నాం. ఈ నగరంలో ఇళ్ళ సంగతి చాలావరకు ఇలాగే నడిచింది. స్మారకాల మీద మనకు శ్రద్ధ ఉంది. చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధుల గురించి పుస్తకాలున్నాయి, చట్టాలున్నాయి, బడ్జెట్లున్నాయి. ప్యాలెస్‌ల మీద మోజు కూడా ఉంది. 1893 నాటి ఫలక్‌నుమా 2010లో హోటలైంది. చౌమహల్లా బాగుచేతకు అదే ఏడాది యునెస్కో పురస్కారం వచ్చింది. మనుషులు వండుకుని తిని, పిల్లల్ని కని, పెళ్ళిళ్ళు చేసి, ముసలివాళ్ళను సాగనంపిన మామూలు ఇళ్ళు, ఆ ఇళ్ళున్న గల్లీలు మాత్రం మన లెక్కలోకి రాలేదు. హైదరాబాద్ పాత ఇళ్ళ ప్రశ్నను పరిశీలించాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

*

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఊరికి చార్మినారే నడిమధ్య. పథకం మీర్ మోమిన్ అస్త్రాబాదీది. చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు రోడ్లు, ఆ రోడ్లు చీల్చిన నాలుగు భాగాల్లో మొహల్లాలు. 1687లో గోల్కొండ మొగలుల చేతికి చిక్కాక ఊరు కొంతకాలం కళ తప్పింది. చుట్టూ కోటగోడ లేవడం పద్దెనిమిదో శతాబ్దం మాట. ఆ గోడ దర్వాజాల్లో ఇప్పుడు పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే మిగిలాయి. నిజాం అలీఖాన్ కాలంలో రాజధాని ఔరంగాబాద్ నుంచి ఇక్కడికి మారింది. అమీర్లు వచ్చారు. వాళ్ళ వెంట దఫ్తర్లు రాసే కాయస్థులు, మరాఠీ బ్రాహ్మలు, సిపాయిలు, సాహుకార్లు, వైద్యులు వచ్చారు. అప్పటికే ఉన్న తెలుగు బస్తీలు ఉండనే ఉన్నాయి. పాత పట్నాన్ని ఒక్క మతానికీ ఒక్క భాషకూ కట్టేసి చూసేవాళ్ళు ఇక్కడి గల్లీల్లో ఒక పూట తిరిగితే చాలు. హరిబౌలిలో అక్కన్న మాదన్నల గుడి, దానికి కొంచెం ఇవతల మసీదు, ఆ పక్కన ఒక రాజా దేవిడీ కనిపిస్తాయి. బోనాలప్పుడు ఊరేగింపు ఈ దారులనే సాగుతుంది.

ఈ ఊళ్ళో పెద్ద ఇంటిని దేవిడీ అన్నారు. బయటికి ఎత్తైన గేటు, దాని పక్కన గోడకానుకుని అద్దెకిచ్చిన దుకాణాలు. గేటులోంచి లోపలికి దారి నేరుగా ఉండదు, ఒక మలుపు తిరుగుతుంది. వీధిలో పోయేవాడి చూపు ఇంట్లో పడకుండా చేసిన ఏర్పాటిది. మొదటి ముంగిట్లో మగవాళ్ళ మర్దానా. అతిథులు, లెక్కలు, తగవులు, ముషాయిరాలు అక్కడ. దాని వెనక ముంగిట్లో ఆడవాళ్ళ జనానా. ఆ వెనక వంటశాల, నౌకర్ల గదులు, గుర్రాల పాగా. ప్రతి ముంగిలికీ నడుమ ఒక నీళ్ళ హౌజు, దాన్ని చూస్తూ ఎత్తు అరుగు మీద కమాన్ల దాలాన్. దాలాన్ వెనక లోగది, ఆ పక్కన చిన్న గదులు. బయటి గోడకు కిటికీలు దాదాపు ఉండవు. గాలీ వెలుతురూ వానా వెన్నెలా అన్నీ ముంగిలి నుంచే లోపలికి రావాలి.

మే నెలలో ఇలాంటి ఇంట్లోకి మధ్యాహ్నం రెండింటికి అడుగుపెడితే ఈ పథకం ఎంత తెలివైనదో తెలుస్తుంది. గోడలు రెండడుగుల మందం. పగటి వేడి ఆ గోడలోంచి లోపలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి ముంగిట్లో నీళ్ళు చల్లి మంచాలు వేసేస్తారు. రాత్రి ఆకాశం కిందికి వేడి వెళ్ళిపోతుంది, చల్లగాలి ముంగిట్లోకి దిగి తెల్లవారేదాకా అక్కడే నిలుస్తుంది. పైకప్పు దగ్గరి రోషన్‌దాన్‌లలోంచి వేడిగాలి బయటికి పోతుంది. కరెంటు లేని రోజుల్లో ఎండాకాలాన్ని ఈదడానికి దక్కన్ పీఠభూమి కనిపెట్టిన పద్ధతి ఇది. దీనికి మతం లేదు. గౌలిపురా, లాల్‌దర్వాజా, ఉప్పుగూడ తెలుగు ఇళ్ళలోనూ ఇదే సూత్రం. వీధి వైపు అరుగులు, నగిషీ చెక్కిన ద్వారబంధం, లోపల నలుపక్కలా గదులు, నడుమ తులసికోట, ఒక మూల బావి. తెలంగాణ పల్లెల్లో భవంతి ఇల్లంటే ఇదే. గోదావరి జిల్లాల మండువా లోగిలి దీనికి దాయాది. అక్కడ వాన ఎక్కువ కాబట్టి పెంకుల కప్పులు నలువైపులనుంచీ మండువాలోకి వాలతాయి. హైదరాబాద్‌లో ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్ల వాన. అందుకే ఇక్కడ టేకు దూలాలు పరిచి, వాటిపై చెక్కలు వేసి, సున్నపు గచ్చుతో మూసిన చదును మిద్దెలు సరిపోయాయి. ఆ మిద్దె మీదే వేసవి రాత్రులు గడిచేవి.

దేవిడీలకు పేరుంది, చిన్న ఇళ్ళకు లేదు. శాలిబండ, మొఘల్‌పురా, నూర్‌ఖాన్ బజార్ లోపలి గల్లీల్లో పదిహేనడుగుల ముంగిలి చుట్టూ కట్టుకున్న ఇళ్ళున్నాయి. ముంగిట్లో జామచెట్టో దానిమ్మచెట్టో, గోడకు తాకి మల్లె పందిరి. పక్కింటి గోడా ఈ ఇంటి గోడా ఒకటే. అంటే ఒక ఇల్లు ఇంకో ఇంటికి ఆసరా. గల్లీ మొత్తం కలిపితేనే ఒక కట్టడం. నా దృష్టిలో ఈ వ్యాసానికి కీలకమైన విషయం ఇదే. పాత పట్నంలో ఇల్లు ఒంటరిది కాదు. ఒక్కదాన్ని తీసేస్తే పక్కదాని గోడకు తడి పట్టడం మొదలవుతుంది.

*

గోడ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇళ్ళు ఎందుకు పడుతున్నాయో సగం అందులోనే తేలుతుంది.

ఈ ఇళ్ళను కట్టింది సిమెంటుతో కాదు, డంగు సున్నంతో. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి విరియబెట్టి, తొట్లలో రోజుల తరబడి నానబెట్టేవారు. తరవాత గానుగ. గుండ్రని రాతి కాలువలో సున్నం, ఇసుక, ఇటుక పొడి వేసి, ఎడ్లు కట్టిన రాతి చక్రాన్ని దానిమీద తిప్పేవారు. ఇటుక పొడిని మేస్త్రీలు సుర్ఖీ అంటారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు అప్పుడప్పుడూ పోసేవారు. అట్లా మెత్తగా నలిగిన సున్నమే గోడకు అతుకు, అదే నేలకు గచ్చు, కమానుల మీది ఆకులూ పువ్వులూ కూడా దానితోనే. పూర్తిగా గట్టిపడటానికి అది ఏళ్ళు తీసుకుంటుంది. ఆలోపు వచ్చే చిన్న పగుళ్ళను, వాన నీటితో కరిగిన సున్నమే మళ్ళీ పూడుస్తుంది. ముఖ్యంగా అది ఊపిరి పీలుస్తుంది. వానాకాలం నేలలోంచి గోడలోకి ఎక్కిన తడి, ఎండ రాగానే పైపూతలోంచి బయటికి పోతుంది.

ఇలాంటి గోడ ఒకచోట పెచ్చు ఊడితే ఇంటివాళ్ళు ఏం చేస్తారు? దగ్గర్లోని మేస్త్రీని పిలుస్తారు. అతను సిమెంటు కలిపి పూసిపోతాడు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది. సిమెంటులోంచి తడి బయటికి పోలేదు కాబట్టి లోపలే చిక్కుకుని, సిమెంటు పూత ఆగినచోటు దాకా పాకి, అక్కడ తెల్లగా లవణం పొంగిస్తుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ పైన అడుగు మేర సున్నం పొడిపొడిగా రాలుతుంది. దానికీ సిమెంటే పూస్తారు. తడి ఇంకా పైకెక్కి చివరికి గోడలో దూర్చిన దూలం కొసను పట్టుకుంటుంది. టేకు ఎన్నేళ్ళైనా నిలుస్తుంది గానీ, ఊపిరాడని తడిలో దాని కొస చివుకుతుంది. మిద్దె కుంగుతుంది. ఇంటి యజమాని శత్రువు కాదు, మేస్త్రీ మోసగాడూ కాదు. ఇద్దరూ తమకు తెలిసిన పనే శ్రద్ధగా చేశారు.

డంగు సున్నం పని తెలిసినవాళ్ళు ఊళ్ళో లేకపోలేదు. ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్ళకు పైగా కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర చేసిన పనిలో మేస్త్రీలు ఈ విద్యను మళ్ళీ చేతిలోకి తెచ్చుకున్నారు. కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీలోనూ అదే జరిగింది. కాని సమాధి మీద నేర్చిన పని గల్లీలోని ఇంటిదాకా రాలేదు. మొఘల్‌పురాలో నాలుగు గజాల గోడ బాగుచేయించుకోవాలనుకునే కుటుంబానికి ఆ మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడో, సున్నం ఎక్కడ కొనాలో, ఎంతవుతుందో చెప్పే కార్యాలయం ఒక్కటీ లేదు. ఇది డబ్బు కొరత కంటే ముందున్న కొరత.

*

మూసీకి ఉత్తరాన కథ వేరే. 1803లో బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, శామ్యూల్ రస్సెల్ రచనతో రెసిడెన్సీ భవనం మొదలైంది. ఎత్తైన స్తంభాల వరస, మెట్లు, మెట్ల కిందుగా సింహాలు. ఊళ్ళోని అమీర్లు ఆ స్తంభాలను చూశారు, తమ ఇళ్ళకు తెచ్చుకున్నారు. హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ అందుకు సాక్ష్యం. ముఖం యూరోపియన్, వెనక కాపురం పద్ధతి పాతదే. పైగా అనే అమీర్ల వంశంవాళ్ళ ఇల్లైన ఈ దేవిడీ దశాబ్దాల పాటు కప్పు కూలి, చెట్లు మొలిచి, ముందున్న జాగా పిల్లల ఆటస్థలమై ఉండేది. ఇటీవలి ఏళ్ళలో దానికి మరమ్మతు మొదలైంది.

రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజార్లు 1933 దాకా బ్రిటిష్ అధికారం కింద ఉండి, ఆ ఏడు నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చాయి. సుల్తాన్ బజార్ అందులో భాగం. ఇక్కడి ఇల్లు కింద దుకాణం, పైన కాపురం. రోడ్డు మీదికి ఇనుప బ్రాకెట్ల మీద వాలిన చెక్క బాల్కనీ, పోత ఇనుప కటకటాలు, రంగు అద్దాల అర్ధచంద్రాకారపు కిటికీలు. దేవిడీ వీధికి వీపు పెడితే, సుల్తాన్ బజార్ ఇల్లు వీధిని చూస్తూ కూర్చుంటుంది. బేగం బజార్‌లో మార్వాడీ, గుజరాతీ వర్తకుల ఇళ్ళు, ఒకప్పుడు సర్కారుకే అప్పులిచ్చిన గోసాయిల మఠాలు. తెలుగువాళ్ళకు ఈ ప్రాంతంతో ఇంకో బంధం ఉంది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్ బజార్‌లోనే స్థిరపడింది. తెలంగాణలో తెలుగు చదువుకు పునాది పడింది ఒక ఇంట్లో, ఈ గల్లీల మధ్య. 2020లో ఈ బజారు మీదుగా మెట్రో రైలు నడవడం మొదలైంది. ఆ దారి కోసం పాత ముఖభాగాలు కొన్ని పోయాయి. మిగిలినవాటికి రెండో అంతస్తు ఎదుట వంతెన నిలబడింది.

ఊరి ఇళ్ళ చరిత్రను రెండుగా కోసింది 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద. పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఒడ్డున ఉన్న బస్తీలు తెల్లవారేసరికి లేవు. మట్టి గోడల ఇళ్ళు ముందు కరిగాయి. తరవాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారన్నది అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పని. వరద తరవాత ప్లేగు కూడా వచ్చింది. కిక్కిరిసిన బస్తీలను తీసేసి, కాలువలు, వెడల్పు దారులు, చిన్న జీతగాళ్ళ కోసం వరస ఇళ్ళు కట్టారు. సర్కారు తన ఖర్చుతో సామాన్యుల ఇంటి ప్లాను గీయడం ఈ నగరంలో బహుశా అప్పుడే మొదలు. ఆ ఇళ్ళు చిన్నవే అయినా ముంగిలిని వదల్లేదు. పత్తర్‌గట్టీ రాతి కమాన్ల వరస కూడా ఆ బోర్డుదే. బోర్డుకు ఇంకో ముఖం కూడా ఉందని మరవకూడదు. తీసేసిన బస్తీల్లోని మనుషులందరికీ కొత్త ఇళ్ళు దక్కలేదు. రోడ్డు కోసం ఇల్లు తీయడం అన్న అలవాటు నగర పాలనకు వచ్చింది కూడా అప్పుడే.

ఆ రోజుల్లోనే లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి పటాలు గీశారు. పాత ఇళ్ళ మీద పనిచేసే ఎవరికైనా ఇంతకు మించిన ఆధారం లేదు. పటాన్ని దగ్గరగా చూస్తే ప్రతి గల్లీ వంపు, ప్రతి ఇంటి గోడ, ప్రతి ముంగిలి, బావి కనిపిస్తాయి. దివాన్ దేవిడీ ఎంత జాగా ఆక్రమించిందో, దాని పక్కన ఎంత చిన్న ఇళ్ళు ఒదిగి ఉన్నాయో అక్కడే తెలుస్తుంది. ఈ పటాలను నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే గల్లీలు చాలావరకు అట్లాగే సరిపోతాయి. ముంగిళ్ళు మాత్రం సరిపోవు, అవి నిండిపోయాయి.

1930ల నుంచి 1950ల దాకా హిమాయత్‌నగర్, బర్కత్‌పురా, చిక్కడపల్లి, సికింద్రాబాద్ మారేడ్‌పల్లి ప్రాంతాల్లో వచ్చిన ఇళ్ళు ఇంకో తరం. షాబాద్ సిమెంటు వచ్చింది, ఇనుము వచ్చింది. గుండ్రంగా తిరిగిన బాల్కనీలు, కిటికీల మీద అడ్డ చారల్లాంటి ఛజ్జాలు, ఉదయించే సూర్యుడి ఆకారంలో గ్రిల్లు, మొజాయిక్ నేల, గేటు పక్కన పెద్ద అక్షరాల్లో కట్టిన సంవత్సరం. ఆర్ట్ డెకో అంటారు వీటిని. దేవిడీలకున్నపాటి సానుభూతి కూడా వీటికి దక్కదు. పాతవని ఎవరూ అనుకోరు కాబట్టి చడీచప్పుడూ లేకుండా పోతున్నాయి. ప్లాటు పెద్దది, ఇల్లు రెండంతస్తులది, రోడ్డు వెడల్పుది. బిల్డరుకు ఇంతకంటే ఏం కావాలి?

*

ఇళ్ళు ఎందుకు పోతున్నాయన్నదానికి ఒక్కరినే దోషిగా నిలబెట్టడం తేలిక, కాని సరికాదు. కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. అది న్యాయమే, రావలసిన మార్పే. కాని దేవిడీ మరమ్మతు ఖర్చు వచ్చింది జాగీరు నుంచి. ఆదాయం ఆగింది, గోడలు నిలిచాయి. అటూ ఇటూగా కొన్ని కుటుంబాలు దేశం వదిలి వెళ్ళాయి. మిగిలినవాళ్ళలో తరం మారినప్పుడల్లా ఇల్లు పంచారు. పంపకం ఎట్లా ఉంటుందో ముంగిట్లో నిలబడి చూడాలి. హౌజు నడిమికి ఇటుక గోడ లేస్తుంది. దాలాన్‌లోని ఐదు కమాన్లలో మూడు అన్నకు, రెండు తమ్ముడికి. బావి ఎవరి వాటాలోకీ రాక మూతపడుతుంది. గాలి తిరిగే ముంగిలి రెండు చీకటి సందులవుతుంది. ఆపైన ఆ ఇంట్లో ఉండటం నిజంగానే కష్టం.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద ఉన్న పాత ఇళ్ళలో అద్దె పెరగలేదు. అద్దెదారుకు రక్షణ దొరికింది, కప్పుకు దొరకలేదు. 1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చి, హైదరాబాద్‌లో వెయ్యి చదరపు మీటర్లకు మించిన ఖాళీ భూమిని మిగులుగా లెక్కించింది. దేవిడీ తోట ఆ లెక్కలో ఖాళీ భూమి. తోటలు ప్లాట్లయ్యాయి. 2006లో వచ్చిన భవన నిబంధనలు ప్లాటు మీద ఎంత కట్టవచ్చన్న పరిమితిని ఎత్తేసి, రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు నిర్ణయించాయి. దాంతో వెడల్పు రోడ్డు మీదున్న పాత ఇంటి నేల విలువ ఇంటి విలువను ఎన్నో రెట్లు దాటిపోయింది.

నిబంధనల్లో ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. నేటి నియమం ప్రకారం ప్లాటు పెరిగేకొద్దీ కట్టడం చుట్టూ జాగా వదలాలి. పాత పట్నం ఇల్లు జాగాను నడుమ వదిలింది, గోడను పక్కింటితో పంచుకుంది. అంటే తాతలు కట్టిన పద్ధతిలో, అంతే ప్లాటు మీద, ముంగిలి ఇల్లు కట్టుకుందామని నేడు ఎవరైనా మనసుపడినా ప్లాను పాసు కావడం కష్టం. పడిపోయిన ఇంటి స్థానంలో అలాంటిదే ఇంకోటి లేవదు. చుట్టూ వదిలిన మూడడుగుల సందు ఎవరికీ ఉపయోగపడదు, అందులో ఏసీ పెట్టెలు వేలాడతాయి.

రోడ్ల వెడల్పు గురించి వేరే చెప్పనక్కరలేదు. ముఖభాగం తెగిన ఇల్లు ఎన్నాళ్ళో నిలవదు.

*

చట్టం ఏం చేసింది? నగరాభివృద్ధి సంస్థ హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నియమం కింద 1995 నుంచి వారసత్వ భవనాల జాబితా వచ్చింది. దాదాపు నూటయాభై కట్టడాలు అందులోకి చేరాయి. దేశంలో అప్పటికి ఇలాంటి ఏర్పాటున్న నగరాలు బహు తక్కువ, ఆ గౌరవం హైదరాబాద్‌కు దక్కాలి. జాబితాలోని భవనాన్ని కదిలించాలంటే కమిటీ అనుమతి కావాలి. కాని ఆ జాబితా భవనాలది, గల్లీలది కాదు. పైగా యజమానికి అది ఆంక్షలే తెచ్చింది, పైసా తేలేదు. చార్మినార్ దగ్గరి మాల్వాలా ప్యాలెస్‌లో చెక్క పనితనం చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. జాబితాలో ఉండి కూడా 2000 ప్రాంతంలో అందులో చాలా భాగం నేలమట్టమైంది. 2015 డిసెంబర్‌లో 13వ నియమాన్నే తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆ చట్టం చూపు ప్రధానంగా స్మారకాల మీదే. జనం కాపురమున్న ఇంటికి అందులో గట్టి చోటు దొరకలేదు. 2019 సెప్టెంబర్‌లో ఎర్రంమంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. అది ఊరటే. కాని అది ప్రభుత్వం చేతిలోని ప్యాలెస్. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఇంటి కోసం కోర్టు గడప ఎవరు తొక్కుతారు?

వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ హైదరాబాద్ శాఖ 1996 నుంచి పాత కట్టడాలను బాగా చూసుకునేవాళ్ళకు పురస్కారాలిస్తోంది. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది కానీ, ఇల్లు నిలబెట్టినవాళ్ళను ఊరు గుర్తించిన ఒకే ఒక్క సందర్భం అదే.

మిగతా నగరాల్లో ఏం జరిగిందో చూస్తే దారి కొంత తెలుస్తుంది. పుదుచ్చేరిలో తమిళ బస్తీలోని వైశ్యాళ్ వీధి మొత్తాన్ని ఒకే పనిగా తీసుకున్నారు. ఇళ్ళ ముఖాలకు, అరుగులకు, తిన్నెలకు ఖర్చులో కొంత యజమానులు, మిగతాది పథకం భరించింది. 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది. దాని విలువ పురస్కారంలో లేదు, వీధిని ఒక యూనిట్‌గా తీసుకోవడంలో ఉంది. అహ్మదాబాద్ నగరపాలిక 1996లోనే వారసత్వ విభాగం పెట్టుకుంది, పోళ్ళు అనే గల్లీల్లోని చెక్క ఇళ్ళను రెండు వేలకు పైగా జాబితాకెక్కించింది. 2017లో ప్రపంచ వారసత్వ నగరమైంది. అక్కడ జాబితాలోని ఇంటి యజమాని, తాను కట్టకుండా వదులుకున్న అంతస్తుల హక్కును మరోచోట కట్టేవాళ్ళకు అమ్ముకుని, ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకోవచ్చు. అక్కడా ఇళ్ళు కూలుతూనే ఉన్నాయి. కాని ఇంటిని నిలబెట్టడం నష్టం కాదన్న లెక్క ఒకటి యజమాని చేతికి వచ్చింది.

హైదరాబాద్‌లోనూ ఆ హక్కు బదిలీ పత్రం ఉంది, టీడీఆర్ అంటారు. నిబంధనల్లో వారసత్వ భవనాల ప్రస్తావన కూడా ఉంది. ఆచరణలో అది రోడ్డుకూ చెరువుకూ భూమి ఇచ్చినవాళ్ళకే అందుతోంది. ఇల్లు కూల్చి రోడ్డుకు జాగా ఇచ్చినవాడికి పత్రం, ఇల్లు నిలబెట్టుకున్నవాడికి వానాకాలం ముందు శిథిల భవనమని నోటీసు. ఈ తిరకాసును సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న నియమాన్ని వాడితే చాలు.

పాత ఇళ్ళను హోటళ్ళుగా, కేఫ్‌లుగా మార్చడమే పరిష్కారమని వాదించేవాళ్ళున్నారు. అక్కడక్కడా మంచిదే. కాని పాత పట్నంలో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు, జరీ పని చేస్తున్నారు, లక్క గాజులు చేస్తున్నారు, పిల్లలకు చదువు చెబుతున్నారు. ఇల్లు నిలిచి, అందులో ఉన్నవాళ్ళు వెళ్ళిపోతే అది ఇంటిని కాపాడటం అవ్వదని నేను గట్టిగా నమ్ముతాను. ముందు మురుగు కాలువ బాగుపడాలి, గల్లీలోకి అంబులెన్సు వచ్చే ఏర్పాటుండాలి, ముంగిలి చెడకుండా బాత్రూము పెట్టుకునే ప్లాన్లు దొరకాలి. అవి లేకపోతే కోడలు ఆ ఇంట్లో ఉండనంటుంది. ఆమె అనడంలో తప్పు లేదు.

ఇప్పుడు తొందరపడాల్సిన సమయం వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్ల మెట్రో దారి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండల మీదుగా పోతుంది. పాత పట్నానికి మెట్రో కావాలి, అక్కడివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. దాని కోసం తెగే ఇళ్ళను తెగకముందే కొలిచి, ప్లాన్లు గీసి, ఫోటోలు తీసి భద్రపరచడం పెద్ద ఖర్చు కాదు. తీసేసిన ద్వారబంధాలు, టేకు స్తంభాలు, కమాను రాళ్ళు కట్టెల అడితికి పోకుండా ఒక గోదాములో పెట్టి, పక్క గల్లీల మరమ్మతులకు ఇవ్వచ్చు. హుస్సేనీ ఆలం, శాలిబండల్లో ఒక్కో గల్లీని ఎంచుకుని, మన్ పటం చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ సర్వే చేయచ్చు. సమాధుల దగ్గర పనిచేసిన మేస్త్రీల పేర్లు, గానుగ సున్నం దొరికే చోటు, గజానికి అయ్యే ఖర్చు రాసి వార్డు ఆఫీసు గోడకు అంటించచ్చు. శిథిల భవనాల నోటీసు ఇచ్చే ఇంజినీరు వెంట సున్నం పని తెలిసిన ఒక మేస్త్రీని పంపితే, కూల్చాల్సిన గోడ ఏదో, నిలబెట్టగలిగేది ఏదో అక్కడికక్కడే తేలుతుంది. వచ్చే వానాకాలం నోటీసులు అచ్చయ్యేలోపే ఇది మొదలుపెట్టచ్చు.